చికాగో దారి పడమటికి కాదు, ఉత్తరానికి

ఉపాధ్యాయ మిత్రులకు, తల్లిదండ్రులకు, విద్యార్థులకు నమస్కారం.

మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలోనే శంషాబాద్ విమానాశ్రయం ఉంది. 2008లో అది మొదలైనప్పటి నుంచి పాలమూరు పల్లెల వాళ్లు దుబాయ్‌కో అమెరికాకో వెళ్తూనే ఉన్నారు. అయినా ప్రయాణం ఎన్ని గంటలని అడిగితే చాలామంది టికెట్టు మీది రెండు సమయాల తేడా చెబుతారు. ఉదయం పదింటికి ఇక్కడ ఎక్కి, అక్కడి గడియారం ప్రకారం పన్నెండున్నరకు దుబాయ్‌లో దిగితే, గాలిలో ఉన్నది రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు. దుబాయ్ సమయం మనకంటే గంటన్నర వెనక. దూరం సుమారు 2,550 కిలోమీటర్లు.

ఇక చికాగో సంగతి. గోడ మీది పటంలో అమెరికా మనకు పడమట కనిపిస్తుంది. ఆ పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత వెంట వెళ్తే దాదాపు 16,100 కిలోమీటర్లు. ఇప్పుడు ఈ గ్లోబు చూడండి. శంషాబాద్ దగ్గర దారం ఒక కొస పట్టుకుని, రెండో కొసను చికాగో మీద ఉంచి బిగించి లాగితే, దారం దాదాపు నేరుగా ఉత్తరానికి సాగి, 79 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, అవతలి వైపు దిగుతుంది. ముప్పై సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే సుమారు 425 కిలోమీటర్లు. ఈ దారం పొడవు 31 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే దాదాపు 13,300 కిలోమీటర్లు. పటం మీద వంకరగా కనిపించే దారే నేల మీద దగ్గరి దారి. ప్రతి బడిలో పటం పక్కన గ్లోబు కూడా ఉండి తీరాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

దూరం తెలిసినంత మాత్రాన గంటలు తేలవు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే చికాగోకు పదిహేను గంటల లోపే రావాలి. కానీ 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ నుంచి నేరుగా నడిపిన విమానానికి అంతకంటే ఎక్కువే పట్టేది. విమానం కచ్చితంగా దారం వెంటే వెళ్లలేదు. గాలి కూడా లెక్కలోకి వస్తుంది.

భూమి తిరుగుతుంది కదా, పడమటికి వెళ్తే త్వరగా చేరాలి కదా అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. భూమితో పాటు గాలీ తిరుగుతుంది, అందులోని విమానమూ తిరుగుతుంది. ఆ లాభం ఉండదు. అసలు తేడా జెట్ ప్రవాహాలది. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఇవి పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి, చలికాలంలో మరింత బలంగా. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు మాని పసిఫిక్ మీదుగా పంపింది. దూరం 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా గాలి వెనక నుంచి తోయడంతో దాదాపు రెండు గంటల ముందే, పద్నాలుగున్నర గంటల్లో చేరింది. నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ ఇది.

దేశాల మధ్య గొడవలూ దారి పెంచుతాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలంలోకి మన విమానాలను రానివ్వకపోవడంతో, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం ఐరోపాలో ఆగవలసి వచ్చింది.

కాబట్టి పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దలు టికెట్టు కొనేటప్పుడు గాలిలో ఎన్ని గంటలో, మధ్యలో దిగి మారే చోట ఎన్ని గంటలో విడివిడిగా అడగండి. మందులు, భోజనం వేళలను ఆ మొత్తం గంటలను బట్టే ముందుగా డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.