మనసున మనసై: మూడో చరణం దాకా వినండి

శ్రోతలకు నమస్కారం. ఈ కాసేపట్లో ఒక్క పాట గురించే మాట్లాడదామనుకుంటున్నాను. 'మనసున మనసై'. పేరు చెప్పగానే మీలో చాలామందికి పల్లవి నోట్లోకి వచ్చేసి ఉంటుంది, వచ్చిందంటే పాడేసుకోండి, నేనేమీ అనుకోను.

పెళ్లిరోజుకి ఈ పాట, షష్టిపూర్తికి ఈ పాట, కొత్త దంపతుల ఫొటోలన్నీ కలిపి ఓ వీడియో చేస్తే దాని వెనకాల కూడా ఈ పాటే. ఆలుమగల పాట అని మనందరికీ ఒక లెక్క కుదిరిపోయింది. ఆ లెక్క తప్పని చెప్పడానికి నేను రాలేదు, పాట జనంలోకి వచ్చేశాక జనం ఎలా వాడుకుంటే అలా. కానీ ఇది పుట్టినప్పుడు జంటగా ఉన్నవాళ్ల కోసం పుట్టలేదు. తోడు లేని మనిషి కోసం పుట్టింది.

1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి' సినిమాలోది. అన్నపూర్ణ వాళ్ల సినిమా, దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు, కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం' నవల దానికి ఆధారం. నంది బహుమతులు మొదలుపెట్టిన ఏడాదే బంగారు నంది దీనికొచ్చింది. సంగీతం సాలూరి రాజేశ్వరరావు, గొంతు ఘంటసాల, పాట రాసింది శ్రీశ్రీ. తెర మీద అక్కినేని. ఈ వివరాలు ఇంతకంటే ఎక్కువ చెప్పను, ఎందుకంటే నాకు కావలసింది కథలో ఉంది.

ఆ డాక్టరు చక్రవర్తికి ప్రాణంలాంటి చెల్లెలు ఒకతి ఉండేది, చనిపోయింది. తర్వాత స్నేహితుడి భార్య మాధవి పరిచయమవుతుంది, ఆమెలో తన చెల్లెలు కనిపిస్తుంది అతనికి. అంతే, ఇంకేమీ లేదు. కానీ చూసేవాళ్లకి అంతే అనిపించదు కదా. సొంత భార్యే అనుమానిస్తుంది. మాధవిగా వేసింది సావిత్రి. 'దేవదాసు'లోనూ 'మాయాబజార్'లోనూ నాగేశ్వరరావునీ సావిత్రినీ ప్రేమికులుగా చూసిన కళ్లు ప్రేక్షకులవి, అందుకని ఇక్కడ లోకం వాళ్లని అపార్థం చేసుకుంటుందంటే అది నమ్మబుద్ధేస్తుంది. నా ఉద్దేశంలో ఆ ఎంపికలోనే సగం కథ నడిచిపోయింది.

ఇప్పుడు ఆ మనిషిని మనసులో పెట్టుకుని పాట వినండి. భార్య ఉంది, స్నేహితుడు ఉన్నాడు, డాక్టరుగా పేరుంది, ఇంటి నిండా మనుషులున్నారు. తోడు మాత్రం లేదు. తోడొకరుండిన అదే భాగ్యం అంటాడు, ఉంటే భాగ్యం అని. ఉంది కాబట్టి పాడటంలేదు.

మా మేనత్త ఒకావిడ ఉండేది, తెనాలిలో. చిన్న వయసులోనే మావయ్య పోయాడు, పిల్లలు లేరు. సాయంత్రం పూట బియ్యం ఏరుకుంటూ ఈ పాటే కూనిరాగం తీస్తుండేది. నేను కాలేజీ కుర్రాడిని, తెలిసీ తెలియని వయసు, ఒకరోజు అడిగేశాను, 'అత్తా, ఈ పాట పాడితే నీకు బాధగా ఉండదా' అని. బియ్యం చాట పక్కన పెట్టి నా వంక చూసింది. 'ఒరే, తోడు అంటే మొగుడొక్కడే అనుకున్నావట్రా? ఎదురింటి రాజ్యం లేదూ నాకు' అంది. ఆ రాజ్యంగారూ మా అత్తా ముప్పై ఏళ్ల పైన ఒకరి గడపలో ఒకరు బతికారు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు చారు కాచుకుని వచ్చేసేవారు. ఆ తర్వాత నేను ఈ పాటని ఇంకోలా వినలేకపోయాను.

పాటలో వెతికి చూడండి. ప్రేయసి అన్న మాట లేదు. చెలీ, సఖీ అన్న పిలుపు లేదు. భార్య లేదు, భర్త లేదు. చందమామ లేదు, వెన్నెల లేదు, మల్లెపూలు లేవు, పిల్లగాలి లేదు. 1964లో తెలుగు సినిమాలో మనసు గురించి ఒక పాట రాస్తూ వెన్నెల జోలికి పోకుండా ఉండటం అంటే మాటలు కాదు! ఉన్నవల్లా చీకటి, నీడ, శిల, కన్నీరు. మిగిలిందంతా ఒక మనిషి ఇంకో మనిషికి ఏమవ్వాలో అదే. అందుకే మా అత్తకి సరిపోయింది, అందుకే షష్టిపూర్తి చేసుకునే దంపతులకీ సరిపోతుంది, రూమ్‌మేట్ ఊరెళ్లిపోయి దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో ఒక్కడే మిగిలిన కుర్రాడికీ సరిపోతుంది.

ఇంత మెత్తటి పాట మహాప్రస్థానం రాసిన శ్రీశ్రీ రాశాడా అని ఆశ్చర్యపోయేవాళ్లున్నారు. ఆత్రేయ పాట అని బల్లగుద్ది చెప్పేవాళ్లూ ఉన్నారు. వాళ్లని తప్పు పట్టలేం, ఆత్రేయని మనసు కవి అంటాం, ఇదే సినిమాలో 'నీవులేక వీణ', 'పాడమని నన్నడగవలెనా' ఆయనవే, దాంతో మనసు అన్న మాట వినపడితే చాలు ఆయన ఖాతాలో వేసేస్తాం. కానీ మహాప్రస్థానం పుస్తకం తెరిస్తే మొదట కనపడేది ఏమిటో గుర్తు చేసుకోండి. కొంపెల్ల జనార్దనరావు. చిన్న వయసులోనే పోయిన స్నేహితుడు. అతని కోసం రాసిన కవితతో పుస్తకాన్ని అతనికే అంకితం ఇచ్చాడు శ్రీశ్రీ. అది చదివినవాళ్లకి ఈ పాట శ్రీశ్రీదంటే వింతగా ఉండదు. స్నేహితుడు పోతే అంతగా ఏడ్చిన మనిషికి తోడు విలువ తెలియదా?

సరే, పాటలోకి వద్దాం. మూడు చరణాలు. మూడూ ఒకే చోటికి వచ్చి ఆగుతాయి, తోడొకరుండిన దగ్గరికి. అక్కడ వాక్యం పూర్తి కాదు. పల్లవిలోని భాగ్యమూ స్వర్గమూ వచ్చి దాన్ని పూర్తి చేయాలి. అంటే చరణం ఎత్తుకున్న దగ్గర్నించీ మనం ఒక మాట కోసం ఎదురు చూస్తూనే ఉంటాం, మనకి తెలియకుండానే. రాజేశ్వరరావు ఆ ఎదురుచూపుని తొందరపెట్టలేదు. నిదానంగా తీసుకెళ్లి నిదానంగా దింపాడు.

మొదటి చరణంలో ఉన్నది ఒక్క మనిషే. తీరని ఆశలు, ఆశయాలు, ఆవేదన, చుట్టూ చీకటి, ఏకాంతం. రెండో మనిషి ఇంకా రాలేదు.

రెండో చరణంలో వస్తాడు, లేదా వస్తుంది. ఏం చేయాలట ఆ వచ్చిన మనిషి? నిన్ను నిన్నుగా ప్రేమించాలి. నీ డిగ్రీని కాదు, నీ జీతాన్ని కాదు, మారితే ఎలా ఉంటావో ఆ నిన్ను కాదు. నీకోసం కన్నీరు పెట్టాలి. ఆపైన నేనున్నాను అనాలి. ఇంత చిన్న మాట! ఘంటసాల ఆ మాటని ఎలా పలికాడో వినండి. పద్యం ఎత్తుకుంటే హాలు దద్దరిల్లే గొంతు అది, ఇక్కడ మాత్రం పక్కన కూర్చుని చెప్పినట్టు చెబుతాడు. గొప్ప గాయకుడు తన బలమంతా లోపలే పెట్టుకుని పాడితే ఎలా ఉంటుందో తెలియాలంటే నేను ముందు ఈ చరణమే వినిపిస్తాను.

మూడో చరణం. నన్నడిగితే పాట మొత్తం దీనికోసమే. స్నేహమే కరువై, వలపే అరుదై, చెదిరిన గుండె రాయైపోయిన మనిషి. మొదటి చరణంలో ఇంకా ఆశలున్నాయి, ఆవేశం ఉంది. ఇక్కడికొచ్చేసరికి అవి కూడా లేవు. రాయికి తోడు ఎందుకు చెప్పండి? అయినా శ్రీశ్రీ అక్కడ కూడా ఒక మనిషిని నిలబెట్టాడు. ఆ వచ్చిన మనిషి ఓదార్చడు, సలహా ఇవ్వడు, అన్నీ బాగైపోతాయని అనడు. బాధ తెలుసుకుంటాడు, నీడలా నిలబడతాడు, అంతవరకే. మా అత్త ఇంటికి చారు తెచ్చిన రాజ్యంగారు కూడా పెద్దగా మాట్లాడేవారు కాదు.

ఇప్పుడు నా బాధేమిటంటే, ఈ మూడో చరణాన్ని మనం పోగొట్టుకుంటున్నాం. ఆర్కెస్ట్రాల్లో టైం లేదని రెండు చరణాలతో ముగించేస్తారు. ఫోన్లలో తిరిగే ముక్కల్లో పల్లవీ, మహా అయితే ఒక చరణం. పిల్లలు ఈ పాట అంతే అనుకుంటున్నారు. మా బంధువుల ఇంట ఒక షష్టిపూర్తిలో ఒకమ్మాయి చాలా చక్కగా పాడింది, రెండు చరణాలయ్యాక ఆపేసింది, తర్వాత అడిగితే 'ఇంకొకటి ఉందా అంకుల్' అంది. అది ఆ పిల్ల తప్పు కాదు, మనం వినిపించలేదు.

అందుకని పాడేవాళ్లకి ఒక మాట. శ్రుతి కాస్త తగ్గించి ఎత్తుకోండి. పల్లవి హాయిగా ఉంది కదా అని పైన పట్టుకుంటే చరణంలో గొంతు ఇబ్బంది పడుతుంది, ఇబ్బంది పడితే అరుస్తాం, అరిస్తే ఈ పాట ఉండదు. సంగతులు, అంటే ఒకే వరుసని మార్చి మార్చి పాడే మలుపులు, ఎక్కువ వేయకండి, ముఖ్యంగా రెండో చరణంలో. టైం చాలకపోతే మధ్య చరణం వదిలేయండి, నాకు కష్టంగానే ఉంది ఈ మాట అనడానికి, కానీ మూడోది మాత్రం వదలొద్దు. శుభకార్యంలో శిల, వ్యధ లాంటి మాటలెందుకు అని పెద్దవాళ్లెవరైనా అంటే, అరవై ఏళ్లు బతికినవాళ్లకి ఆ మాటలు కొత్తవేం కావని చెప్పండి.

వినేవాళ్లకి ఇంకా చిన్న కోరిక. ఇప్పుడు పాట వేస్తున్నాం, పూర్తిగా, మూడు చరణాలతో. వంటింట్లో పని ఉంటే చేసుకోండి, బండి మీద ఉంటే జాగ్రత్తగా నడపండి, కానీ రెండో చరణం అయిపోగానే స్టేషన్ మార్చకండి.