ఫ్రీ డేటింగ్ యాప్స్‌లో ఫేక్ ప్రొఫైల్స్: బ్లూ టిక్ చూసి నమ్మేయొచ్చా?

హాయ్ అండీ, నమస్తే. ఈ వీడియోలో టిండర్, బంబుల్, హింజ్, ఈ మూడింటి ఫ్రీ వెర్షన్ గురించి మాట్లాడుకుందాం. ఏ యాప్‌లో ఎన్ని మ్యాచ్‌లు (ఇద్దరూ ఒకరినొకరు లైక్ చేస్తే మ్యాచ్) వస్తాయో చెప్పే వీడియోలు చాలానే ఉన్నాయి. నేను చూసింది ఒక్కటే: అవతల నిజంగా మనిషి ఉన్నారా, ఉంటే ఫోటోలో ఉన్న మనిషేనా?

ముందు బాట్ల సంగతి, అంటే మనిషి లేకుండా సాఫ్ట్‌వేర్ నడిపే ప్రొఫైల్స్ సంగతి, త్వరగా తేల్చేద్దాం. మ్యాచ్ అయిన క్షణాల్లోనే మెసేజ్. "హాయ్ డియర్, నేను ఈ యాప్ ఎక్కువ చూడను, టెలిగ్రామ్‌కి రండి." మీరు ఏం అడిగినా దానికి జవాబు రాదు, మళ్లీ అదే టెలిగ్రామ్ ఐడీ, లేదంటే ఒక లింక్. ఆ లింక్ తెరిస్తే "వయసు వెరిఫికేషన్" అని కార్డు నంబర్ అడుగుతుంది. డేటింగ్ యాప్‌లో కలిసిన మనిషి కోసం బయటి సైట్లో కార్డు నంబర్ ఇవ్వాల్సిన పని ఎప్పుడూ ఉండదండీ. రిపోర్ట్ కొట్టి ముందుకెళ్లండి.

ఇక యాప్‌ల విషయం. టిండర్‌లో చేరడం తేలిక, కాబట్టి ఫేక్‌లకీ అంతే తేలిక. 2020లో ఫోటో వెరిఫికేషన్ తెచ్చారు, ఆ తర్వాత ఫేస్ చెక్ అనే వీడియో సెల్ఫీ పద్ధతి ఇండియాకి కూడా వచ్చింది. మంచిదే. బంబుల్‌లో అమ్మాయే ముందు మాట కలపాలన్నది మొదటి నుంచీ ఉన్న పద్ధతి. 2024 నుంచి అమ్మాయి ముందే ఒక ప్రశ్న పెట్టుకుంటే అబ్బాయి దానికి జవాబు ఇవ్వొచ్చు. కానీ అమ్మాయి పేరుతో నడిచే ఫేక్ ప్రొఫైల్‌ని ఈ పద్ధతి ఆపదు. నాకు ఈ మూడింట్లో హింజ్ నయం అనిపించింది. ప్రొఫైల్‌లో మూడు ప్రశ్నలకి జవాబులు రాయాలి, లైక్ కొట్టేటప్పుడు కూడా ఏదో ఒక ఫోటోకో జవాబుకో కొట్టాలి. ఫ్రీగా రోజుకి ఎనిమిది లైకులే. దొంగ ప్రొఫైల్ పెట్టేవాడికి ఇక్కడ కాస్త పని ఎక్కువ.

చాలామంది పొరపడేది బ్లూ టిక్ దగ్గరే. సెల్ఫీ వెరిఫికేషన్‌తో వచ్చే ఆ టిక్‌కి అర్థం సెల్ఫీలోని ముఖం, ప్రొఫైల్ ఫోటోలోని ముఖం ఒకటే అని. అంతవరకే. పేరు, ఉద్యోగం, పెళ్లైందా లేదా, ఇవేవీ ఎవరూ చూడలేదు. టిక్ ఉన్న మనిషి కూడా మోసం చేయొచ్చు. 2024లో హైదరాబాద్‌లో పోలీసులు పట్టుకున్న ముఠా గుర్తుందా? అమ్మాయిలు డేటింగ్ యాప్‌లో పరిచయమై, ఫలానా పబ్‌లోనే కలుద్దాం అనేవారు. ఖరీదైన డ్రింక్స్ ఆర్డర్ చేసి జారుకునేవారు, బిల్లు మాత్రం అబ్బాయి నెత్తిన పడేది. అక్కడికి వచ్చింది నిజమైన మనిషే, ముఖమూ నిజమే. అందుకే మొదటిసారి కలిసే చోటు మీరు చెప్పండి. వాళ్లు ఒకే ఒక్క పబ్ పేరు పట్టుకుని కూర్చుంటే వెళ్లకండి.

ఇంకో నమ్మకం, "తెలుగులో చక్కగా మాట్లాడుతున్నారు కదా, మనవాళ్లే" అని. ఇది వింటే నాకు నిజంగా భయం వేస్తుంది. విశాఖ చుట్టుపక్కల కుర్రాళ్లని డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కంబోడియా పంపించి, అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించిన వ్యవహారం 2024 మేలో బయటపడింది. అలాంటి చోట్ల అమ్మాయిల ఫోటోలతో ప్రొఫైల్ పెట్టి చాటింగ్ చేయించడం కూడా ఆ పనిలో భాగమే. అవతల కూర్చుని మీతో తెలుగులో మాట్లాడేది దెబ్బలకి భయపడి టైప్ చేస్తున్న మన కుర్రాడే కావచ్చు.

ఈ రకం వాళ్లు తొందరపడరు. వారాల తరబడి గుడ్ మార్నింగ్, తిన్నారా, అమ్మ ఆరోగ్యం ఎలా ఉంది. తర్వాత ఎప్పుడో మాటల్లో ట్రేడింగ్ యాప్ వస్తుంది. కొంచెం పెట్టిస్తారు, లాభం చూపిస్తారు, ఆ కొంచెం వెనక్కి తీసుకోనిస్తారు కూడా. నమ్మకం కుదిరేది అక్కడే. పెద్ద మొత్తం పెట్టాక, తీసుకోవాలంటే ట్యాక్స్ కట్టమంటారు. డబ్బు మాట వచ్చిన రోజే ఆ పరిచయం ఆపేయండి.

మరి ఎలా చెక్ చేయాలి? ఫోటో స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వేయండి, వేరే పేరుతో ఎక్కడైనా ఉంటే దొరకొచ్చు. ఏఐతో చేసిన ఫోటో అయితే దొరకదు. కాబట్టి వీడియో కాల్ అడగండి, యాప్‌లోనే కాల్ ఉంటే దాని ద్వారానే. కాల్‌లో ముఖం ముందు నుంచి చేయి ఒకసారి అడ్డంగా తిప్పమనండి, పక్కకి తిరగమనండి. దొంగ వీడియో అయితే అక్కడ ముఖం చెదిరే అవకాశం ఉంది. కూకట్‌పల్లిలో ఉంటానన్నారా? ఇప్పుడు అక్కడ వాన పడుతోందా, కిటికీ బయట చూపించండి అనండి. నిజమైన మనిషికి అది ఒక్క నిమిషం పని. ప్రతిసారీ కెమెరా పాడైందంటే ఇక వదిలేయండి.

అమ్మాయిలకి ఒక మాట. వీడియో కాల్ అడగడానికి మొహమాటపడకండి, అది అనుమానించడం కాదు, మీ జాగ్రత్త. నంబర్, ఇన్‌స్టా ఐడీ, ఆఫీసు పేరు ఆ తర్వాతే. అబ్బాయిలూ, తెలియని నంబర్ నుంచి బట్టల్లేని వీడియో కాల్ వస్తే వెంటనే కట్ చేయండి, రికార్డ్ చేసి బ్లాక్‌మెయిల్ చేస్తారు. అప్పటికే బెదిరింపు మొదలైతే డబ్బు మాత్రం పంపకండి. ఒకసారి పంపితే మళ్లీ అడుగుతారు. ఇంట్లో ఎవరో ఒకరికి చెప్పండి. ఇందులో మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఫ్రీ వెర్షన్‌లో మసక మసకగా కనిపించే లైకులు (మనల్ని లైక్ చేసినవాళ్ల ఫోటోలు) ఉంటాయి కదా, వాటి కోసం డబ్బు కట్టే ముందు ఇది తెలుసుకోండి. టిండర్, హింజ్‌ల యజమాని మ్యాచ్ గ్రూప్ మీద 2019లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కేసు వేసింది. వాళ్లదే ఇంకో డేటింగ్ సైట్ మ్యాచ్ డాట్ కామ్‌లో మోసం ఖాతాలని అనుమానం ఉన్న వాటి నుంచి వచ్చిన మెసేజ్‌లు చూపించి జనాన్ని సబ్‌స్క్రిప్షన్ వైపు లాగారన్నది ఒక ఆరోపణ. ఈ ఒక్క ఆరోపణని కోర్టు 2022లో కొట్టేసింది, మిగతా ఆరోపణల మీద కేసు 2025లో 1.4 కోట్ల డాలర్లకి సెటిల్ అయింది. మసకగా ఉన్న ఆ లైకుల్లో అందరూ మనుషులే అనుకుని డబ్బు కట్టొద్దు.

మోసపోయామని తెలిస్తే, అన్‌మ్యాచ్ చేయకముందే చాట్, ప్రొఫైల్, యూపీఐ ఐడీ అన్నీ స్క్రీన్‌షాట్ తీయండి. అన్‌మ్యాచ్ అయితే చాట్ మీకు కనబడదు, ఆ పని వాళ్లే ముందు చేయొచ్చు కూడా. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బుని బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా పెట్టొచ్చు.

మీకు వచ్చిన ఫేక్ ప్రొఫైల్ మొదటి మెసేజ్‌లో ఏం రాసిందో కామెంట్లో పెట్టండి, మిగతావాళ్లు గుర్తుపట్టడానికి పనికొస్తుంది. ఫోటోలు, నంబర్లు మాత్రం పెట్టకండి. ఆ ఫోటో ఎవరి దగ్గరో దొంగిలించిందే కావచ్చు.