అమెరికా వెళ్తున్న అమ్మానాన్నలకు ఫ్లూ టీకా: ఎప్పుడు, ఎక్కడ?

[తెరపై: తెరిచి ఉన్న సూట్‌కేసు. పచ్చడి ప్యాకెట్లు, షుగరు మాత్రలు, కొత్త స్వెట్టర్లు]

నమస్తే అండీ. అమ్మాయి పురుడనో, మనవణ్ణి చూసుకోవాలనో అక్టోబరు, నవంబరుల్లో అమెరికా ప్రయాణమయ్యే అమ్మానాన్నలు ఎందరో. పొడులు, పచ్చళ్ళు, ఆరు నెలల మందులు అన్నీ సర్దుతారు. ఫ్లూ టీకా సంగతి మాత్రం చాలా ఇళ్ళలో గుర్తుకే రాదు.

[తెరపై: క్యాలెండరు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎర్రరంగు]

అక్కడ ఫ్లూ ఎక్కువగా ముదిరేది ఈ నెలల్లోనే. చలికి తలుపులన్నీ బిగించుకుని ఇంటిల్లిపాదీ ఒకే గాలి పీలుస్తుంటారు. టీకా వేశాక ఒంట్లో రక్షణ తయారవడానికి సుమారు 2 వారాలు పడుతుంది. అందుకే అక్టోబరు నెలాఖరులోపు వేయించుకోమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. నవంబరులో దిగినా పర్వాలేదు, వెళ్ళగానే వేయించండి.

"పోయినేడు వేయించుకున్నాం కదా" అంటారు పెద్దవాళ్ళు. ఫ్లూ వైరస్ రూపం మార్చుకుంటూ ఉంటుంది, పాత టీకా బలమూ తగ్గిపోతుంది. ఉత్తరార్ధగోళపు చలికాలం టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో సూచిస్తుంది.

[తెరపై: ఫార్మసీ కౌంటరు, పెద్దాయన చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నారు]

65 దాటిన వాళ్ళ విషయం కాస్త జాగ్రత్తగా వినండి. వయసు పెరిగేకొద్దీ మామూలు టీకాకు ఒళ్ళు అంత బాగా స్పందించదు. అందుకని వాళ్ళకోసం హై డోస్ టీకా ఉంది. వైరస్‌ను గుర్తుపట్టేలా చేసే పదార్థం అందులో మామూలు డోసుకు 4 రెట్లు. ఈ వయసువాళ్ళకు ఇలాంటి బలమైన టీకాలకే ప్రాధాన్యం ఇవ్వాలని అమెరికాలో 2022 నుంచి సిఫారసు ఉంది. ఫార్మసీలో నాన్నగారి వయసు చెప్పి, "65 దాటినవాళ్ళకు ఇచ్చేది ఉందా?" అని నోరు తెరిచి అడగండి. షుగరు, గుండె జబ్బు, ఆస్తమా ఉంటే అసలు వాయిదా వేయొద్దు. ఈ జబ్బులున్నవాళ్ళకు ఫ్లూ వస్తే న్యుమోనియా దాకా పోయే ప్రమాదం ఎక్కువ.

సూది వల్లే ఫ్లూ వస్తుందన్న భయం వద్దు. అందులో బతికున్న వైరస్ ఉండదు. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కొంచెం జ్వరం, అంతే. ఇంతకుముందు ఏదైనా ఫ్లూ టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే మాత్రం ముందే డాక్టరుకు చెప్పాలి.

[తెరపై: ఉయ్యాల]

పురిటికోసం వెళ్తున్నారా? 6 నెలలు నిండని బిడ్డకు ఫ్లూ టీకా వేయరు. కడుపుతో ఉన్నప్పుడు అమ్మాయి వేయించుకుంటే ఆ రక్షణ కొంత బిడ్డకూ అందుతుంది. మిగతాది బిడ్డను ఎత్తుకునే అమ్మమ్మ, తాతయ్యల చేతుల్లోనే ఉంది.

విజిటర్ ఇన్సూరెన్సు చాలావరకు టీకాల ఖర్చు ఇవ్వదు. ముందే రెండు మూడు ఫార్మసీలకు ఫోన్ చేసి ధర కనుక్కోండి, మీ కౌంటీ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తున్నారేమో కూడా అడగండి. అమ్మానాన్నల అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు మీదీ అదే రోజుకు పెట్టేయండి.