లెన్స్ సొల్యూషన్ సీసాలో ఏముంది? దాన్ని ఎవరి కంట్లో పరీక్షించారు?

నమస్కారం. "మన దేశంలో 2014లోనే జంతువుల మీద పరీక్షలు నిషేధించారు కదా, ఇక కాంటాక్ట్ లెన్స్‌లను శుభ్రపరిచే ద్రవం, అదే లెన్స్ సొల్యూషన్ గురించి ఇంత వెతుకులాట దేనికి?" అని జంతువుల నుంచి వచ్చినదేదీ వాడని వీగన్ మిత్రులు తరచుగా అడుగుతూ ఉంటారు. అబిడ్స్‌లోనో కోఠిలోనో కళ్లద్దాల దుకాణంలో అడిగితే "ఇది మందులాంటిదండీ, ఇందులో నాన్‌వెజ్ ఏముంటుంది?" అంటారు. రెండూ మంచి మనసుతో అన్న మాటలే. అయినా ఈ రెండు మాటలను నమ్మి ఊరుకోవడం వల్లనే చాలామంది తాము ఏమి కొంటున్నారో తెలియకుండా ఏళ్ల తరబడి కొంటున్నారు. ఈ వీడియో అందుకోసమే.

ముందుగా పులిహోర సంగతి చూద్దాం. ఒక ఇంట్లో పులిహోర కలిపారు. అందులో అన్నం, చింతపండు, నూనె, పోపు తప్ప మరేమీ లేదు. అయితే ఎండుమిర్చి ఘాటు ఎంత ఉందో తెలుసుకోవడానికి, మంట పుట్టినా చెప్పలేని పసివాడి నోట్లో మొదటి ముద్ద పెట్టి చూశారని అనుకోండి. గిన్నెలో ఏముందన్నది ఒక ప్రశ్న, మొదటి ముద్ద ఎవరి నోట్లో పెట్టారన్నది మరొక ప్రశ్న. వీగన్ అన్న మాట మొదటి ప్రశ్నకు జవాబు, క్రూయల్టీ ఫ్రీ, అంటే జంతువుల మీద పరీక్షించనిది అన్న మాట రెండో ప్రశ్నకు జవాబు. ఒకదానికి వచ్చిన జవాబును రెండోదానికి వాడుకోవడం కుదరదు.

2014లో మన దేశం నిషేధించింది సౌందర్య సాధనాల పరీక్షలను. ఆ ఏడాది మే నెలలో దేశంలో జరిగే పరీక్షలను, నవంబరులో అలా పరీక్షించిన సరుకు దిగుమతిని ఆపారు. అది గొప్ప నిర్ణయమే, కాని లెన్స్ సొల్యూషన్ సౌందర్య సాధనం కాదు. లెన్స్‌లను శుభ్రపరిచే, కడిగే, తడిగా ఉంచే ద్రవాలను 2017 నాటి వైద్య పరికరాల నియమాలు వైద్య పరికరాలుగా చూస్తాయి. కాటుకకు వర్తించే నిషేధం దాని పక్కనే ఉన్న సొల్యూషన్ సీసాకు వర్తించదు. జంతువుల మీద పరీక్షించలేదని చెప్పడానికి షాంపూల మీద వేసే గెంతే కుందేలు గుర్తు కూడా సౌందర్య సాధనాలకు, ఇంటి శుభ్రతకు వాడే సరుకులకు ఉద్దేశించినదే కనుక లెన్స్ సొల్యూషన్ మీద దానికోసం వెతికి నిరాశపడనక్కరలేదు.

ఇప్పుడు అసలు పరీక్ష గురించి చెబుతాను. 1944లో జాన్ డ్రైజ్ అనే అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక పద్ధతిని ప్రచురించారు. కుందేలు ఒక కంట్లో పదార్థాన్ని వేసి, రెండో కన్ను పోలిక కోసం వదిలేసి, ఎరుపు, వాపు, కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) మసకబారడం చూసి తీవ్రతకు అంకెలు వేస్తారు. కుందేలు కన్నీరు తక్కువగా కారుస్తుంది, రెప్ప చాలా అరుదుగా వేస్తుంది, అందువల్ల కంట్లో పడినది త్వరగా బయటకు పోదు. లెన్స్‌లకూ వాటి సొల్యూషన్లకూ ఐఎస్ఓ 9394 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రత్యేకంగా ఉంది. కుందేలు కంటి మీద అధ్యయనం చేసి జీవ అనుకూలతను, అంటే అది కంటికి పడుతుందో లేదో, నిర్ణయించే విధానమని దాని శీర్షికలోనే రాసి ఉంటుంది. ఈ ఒక్క శీర్షిక చదివితే చాలు, 2014 నిషేధాన్ని చూపి నిశ్చింతగా ఉండడం ఎందుకు సరికాదో అర్థమవుతుంది.

మన హైదరాబాద్ నగరంలోనే జరిగిన ఒక పని ఈ రెండు ప్రశ్నలనూ పక్కపక్కన నిలబెడుతుంది. 2022లో ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి మనుషులు దానం చేసిన కార్నియా కణజాలంతో త్రీడీ ప్రింటర్ మీద కృత్రిమ కార్నియాను తయారుచేశారు. అందులో జంతు పదార్థ శేషం లేదని ప్రకటించారు. దాన్ని మొదట అమర్చింది మాత్రం కుందేలు కంట్లో. చూపు కోల్పోయినవారికోసం చేసిన ఆ కృషి పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా మన లెక్కలో దానికి మొదటి ప్రశ్నలో అవునని, రెండో ప్రశ్నలో కాదని జవాబు వస్తుంది. పులిహోరలో మాంసం లేదు, మొదటి ముద్ద మాత్రం పసివాడి నోట్లోనే పెట్టారు.

[తెరపై: సీసా లేబుల్ దగ్గరగా]

ఇక గిన్నెలో ఏముందో చూద్దాం. మామూలు మల్టీపర్పస్ సొల్యూషన్ లేబుల్ మీద బోరిక్ యాసిడ్, సోడియం క్లోరైడ్, ఎడిటేట్ డైసోడియం, పోలోక్సమైన్, పాలీక్వాటర్నియం-1 వంటి పేర్లు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. ఇవి ఖనిజాల నుంచో కర్మాగారంలో కృత్రిమంగానో వచ్చేవే. మనం ఆగి చూడవలసిన పేర్లు కొన్నే. సోడియం హైఅల్యురోనేట్‌ను ఒకప్పుడు కోడిపుంజు తలమీది ఎర్రని తురాయి నుంచి తీసేవారు, ఇప్పుడు ఎక్కువగా బ్యాక్టీరియాతో పులియబెట్టి తీస్తున్నారు. గ్లిజరిన్ మొక్కల నూనె నుంచి రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. లెన్స్‌మీద పేరుకున్న ప్రొటీన్‌ను తొలగించే ఎంజైమ్ మాత్రల్లో పపైన్ ఉంటే అది బొప్పాయిది, సబ్టిలిసిన్ ఉంటే బ్యాక్టీరియాది, పాంక్రియాటిన్ ఉంటే అది సాధారణంగా పంది క్లోమం నుంచి తీసినది. రాత్రిపూట కంటికి రాసే కొన్ని ఆయింట్‌మెంట్లలో గొర్రె ఉన్ని కొవ్వు, అంటే లానొలిన్, ఉంటుంది. ఈ నాలుగైదు పేర్లు గుర్తుంటే లేబుల్ చదవడం అనుకున్నంత కష్టం కాదు.

రెండో ప్రశ్నకు జవాబు లేబుల్ మీద దొరకదు, కంపెనీకి రాసి అడగాలి. "మీరు జంతువుల మీద పరీక్షిస్తారా?" అని మాత్రం అడగకండి, ఎందుకంటే "మేము పరీక్షించము" అన్న జవాబు నిజమై ఉండి కూడా మనకు ఏమీ చెప్పకపోవచ్చు. పసివాడికి ముద్ద పెట్టినది మీ వంటింట్లో కాకపోవచ్చు, పక్కింట్లో పెట్టించి ఉండవచ్చు, చింతపండు అమ్మినవాడే ముందుగా పెట్టి ఉండవచ్చు, లేదా పదేళ్ల క్రితమే పెట్టి ఆ తరువాత వంట మార్చలేదు కనుక మళ్లీ పెట్టనవసరం రాలేదేమో. అందుచేత తయారైన సొల్యూషన్‌ను గాని, అందులోని ముడిపదార్థాలను గాని, మీరు గాని, మీ తరఫున మరో ల్యాబ్ గాని, ఏ దేశపు అనుమతి కోసమైనా, ఎప్పుడైనా బతికున్న జంతువు మీద పరీక్షించారా అని అడగండి. "చట్టం కోరినచోట తప్ప" అన్న జవాబు వస్తే, వైద్య పరికరాల విషయంలో అది అవునన్న మాటకు చాలా దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

మరో దారి లేదా అంటే, ఉంది. మనిషి కణాలతో ల్యాబ్‌లో పెంచిన కార్నియా పొర మీద కంటి మంటను అంచనా వేసే పద్ధతిని, పలు దేశాల ఆర్థిక సహకార సంస్థ అయిన ఓఈసీడీ 2015లో ఆమోదించింది. కబేళా నుంచి తెచ్చిన ఆవు కార్నియా మీద చేసే పద్ధతి అంతకుముందే ఉంది. అందులో బతికున్న జంతువును బాధపెట్టరన్నది నిజమే, అయినా ఒక వీగన్‌గా నేను దాన్ని అంగీకరించలేను. సూక్ష్మజీవులను చంపే శక్తిని కొలిచే ఐఎస్ఓ 14729 పరీక్షలో మాత్రం జంతువుల ప్రసక్తే లేదు. మూడు రకాల బ్యాక్టీరియా మీద, రెండు రకాల ఫంగస్ మీద దాన్ని ల్యాబ్‌లోనే చేస్తారు.

సమయం దగ్గరపడింది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. పదార్థాల జాబితా చిన్నదిగా ఉండాలనుకునేవారికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ సొల్యూషన్ అనుకూలం, ఎందుకంటే అందులో విచారించవలసిన పేర్లు తక్కువ. దానితో వచ్చే ప్లాటినం బిళ్ల ఉన్న డబ్బాలోనే, పెట్టె మీద రాసినన్ని గంటలు, సాధారణంగా కనీసం 6 గంటలు, లెన్స్‌లను ఉంచాలి. అంతకుముందే కంట్లో పెట్టుకుంటే తీవ్రమైన మంట, గాయం కలుగుతాయి. రోజువారీ డిస్పోజబుల్ లెన్స్‌లకు సొల్యూషనే అవసరం లేదు, కాని లెన్స్‌లు కూడా వైద్య పరికరాలే కనుక అవే ప్రశ్నలు వాటి కంపెనీనీ అడగాలి. కళ్లజోడు సరిపోయేవారికి అది అన్నిటికంటే సులభమైన మార్గం.

ఎట్టి పరిస్థితిలోనూ సొల్యూషన్ మానేసి కుళాయి నీళ్లు గాని, క్యాన్ వాటర్ గాని, ఇంట్లో కలిపిన ఉప్పునీళ్లు గాని లెన్స్‌లకు వాడకండి. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాను తినేస్తే చూపు తిరిగి రాకపోవచ్చు. కంపెనీ జవాబు వచ్చేవరకు ఇప్పుడు వాడుతున్నదే వాడండి, మార్చదలిస్తే ముందు కంటి డాక్టరును అడగండి. ఉత్తరం నమూనాను వీడియో కింద ఇస్తున్నాను. అందులో సీసా మీది బ్యాచ్ నంబరును, తయారీదారు పేరును, దిగుమతి అయినదైతే దిగుమతిదారు పేరును తప్పక రాయండి. ఒకే పేరుతో అమ్మే సరుకులో కూడా తయారీ దేశాన్ని బట్టి మారవచ్చు, అందువల్ల మీ చేతిలో ఉన్న సీసా గురించే వారు జవాబు చెప్పవలసి ఉంటుంది.