ఐదుగురు ఎంపీల బరువెంత?

సభకు నమస్కారం. పెద్ద కూటమిలో చిన్న పార్టీ మాట ఎందాక చెల్లుతుందో చెప్పమన్నారు. 2004 నాటి టీఆర్ఎస్ సంగతే చూద్దాం.

పార్టీ పుట్టి మూడేళ్లు. కాంగ్రెస్‌తో పొత్తులో 26 మంది ఎమ్మెల్యేలు, ఐదుగురు ఎంపీలు గెలిచారు. కేసీఆర్ కేంద్రమంత్రి అయ్యారు. యూపీఏ కనీస ఉమ్మడి కార్యక్రమంలో తెలంగాణ ప్రస్తావన చేరింది. ఎలా చేరింది? సంప్రదింపులు జరిపి, ఏకాభిప్రాయం వచ్చాక, తగిన సమయంలో పరిశీలిస్తామని. ఆ ‘తగిన సమయం’ ఎప్పుడో తేల్చేది పెద్ద పార్టీయే.

తొలి దెబ్బ శాఖ దగ్గరే తగిలింది. కేసీఆర్‌కు ఇచ్చిన నౌకాయాన శాఖ కోసం డీఎంకే పట్టుబట్టింది. ఆ పార్టీకి 16 మంది ఎంపీలు. శాఖ అటు పోయింది, ఆయన కొన్నాళ్లు శాఖ లేని మంత్రిగా ఉండి తర్వాత కార్మిక శాఖ తీసుకున్నారు. ఎవరి బరువెంతో అక్కడే తేలిపోయింది.

అసలు చిక్కు సీట్లు తక్కువ కావడం కాదండీ. తప్పుకుంటే ప్రభుత్వం పడిపోతుందా, లేదా? అదొక్కటే లెక్క. ఢిల్లీలో దాదాపు 60 మంది వామపక్ష ఎంపీలు బయటి నుంచి మద్దతిస్తున్నారు. వాళ్లలో పెద్దన్న సీపీఎం రాష్ట్ర విభజనకు బద్ధ వ్యతిరేకి. హైదరాబాద్‌లోనైతే 294 స్థానాల సభలో కాంగ్రెస్‌కే 185. ఈ 26 మంది ఉన్నా లేకున్నా వైఎస్ కుర్చీ కదలదు. తెలంగాణపై యూపీఏ వేసిన ప్రణబ్ ముఖర్జీ కమిటీ పార్టీల అభిప్రాయాలు సేకరిస్తూనే ఉంది. టీఆర్ఎస్ 2005లో రాష్ట్ర మంత్రివర్గం నుంచి, 2006లో కేంద్రం నుంచి బయటికొచ్చింది. రెండు చోట్లా ప్రభుత్వాలు చెక్కుచెదరలేదు.

అప్పుడు మిగిలిన ఆయుధం రాజీనామా. 2006 డిసెంబర్‌లో కరీంనగర్ ఉప ఎన్నికలో కేసీఆర్‌కు రెండు లక్షలకు పైగా మెజారిటీ వచ్చింది. మంత్రి పదవి తేలేని బలం అది. కానీ అదే ఆయుధాన్ని 2008లో మళ్లీ తీస్తే పదును తగ్గింది: ఖాళీ చేసిన 16 అసెంబ్లీ స్థానాల్లో ఏడు, నాలుగు లోక్‌సభ స్థానాల్లో రెండు మాత్రమే తిరిగొచ్చాయి. 2009లో టీడీపీ మహాకూటమిలో చేరితే మిగిలింది పది మంది ఎమ్మెల్యేలు, ఇద్దరు ఎంపీలు.

రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్రం ప్రకటించింది ఆ ఏడాది డిసెంబర్ 9న, కేసీఆర్ నిరాహార దీక్షలో ఉండగా, విద్యార్థులు రోడ్ల మీద ఉండగా. అప్పటికి టీఆర్ఎస్ యూపీఏలో లేదు.