టమ్మీ టక్ తర్వాత ఊపిరి ఎందుకు బిగుస్తుంది?

[తెర మీద: వక్త కుర్చీలో కూర్చుని, చెయ్యి పొట్ట మీద పెట్టుకుని]

నమస్తే. ఒక్కసారి మీరూ ఇలా పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, మామూలుగా గాలి పీల్చండి. చెయ్యి కాస్త పైకి లేచింది కదా? గాలి వెళ్లింది ఊపిరితిత్తుల్లోకి, కదిలింది మాత్రం పొట్ట. ఈ వీడియోలో సంగతంతా ఇక్కడే ఉంది.

[యానిమేషన్: డయాఫ్రమ్ కిందికి, పైకి]

ఛాతీకీ కడుపుకీ మధ్య అడ్డంగా డయాఫ్రమ్ అనే పలచని కండరం ఉంటుంది. మామూలు శ్వాసలో అది ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి దిగితే, సుమారు అర లీటరు గాలి లోపలికి వస్తుంది. అది దిగినప్పుడు కాలేయం, జీర్ణాశయం, పేగులు ఎటో ఒకవైపు జరగాలిగా? వెనక వెన్నెముక ఉంది, కింద కటి ఎముకలున్నాయి. అందుకే ముందుగోడ, అంటే పొట్ట, సాగి చోటిస్తుంది.

టమ్మీ టక్‌లో, అంటే పొట్టను బిగించి చదును చేసే ఆపరేషన్‌లో, సర్జన్ బిగించేది ఆ గోడనే.

[తెర మీద: పొట్ట కండరాల బొమ్మ]

ఈ ఆపరేషన్ అనగానే ముందు, తర్వాత ఫొటోలు చూపిస్తారు. వేలాడే చర్మం, కొవ్వు పోయి చదునైన పొట్ట. ఊపిరికి సంబంధించిన అసలు పని ఆ ఫొటోల్లో కనబడదు. కాన్పుల తర్వాత చాలామందికి పొట్ట మధ్యలో ఉండే రెండు నిలువు కండరాలు ఎడంగా జరిగిపోతాయి. సర్జన్ వాటి పైపొరను రొమ్ము ఎముక దగ్గర్నుంచి పొత్తికడుపు దాకా కుట్టి దగ్గరికి లాగుతారు. చర్మం తీసేయడం కంటే ఈ కుట్టే శ్వాసను ఎక్కువగా పట్టి ఉంచుతుంది. పెళ్లి భోజనం కడుపునిండా తిని, లంగా నాడా వదులు చేసుకోకుండా కూర్చున్నప్పటి ఇబ్బంది గుర్తుందా? అలాంటిదే, కాకపోతే ఇక్కడ నాడా లోపల ఉంది.

గోడ బిగిస్తే కడుపు లోపలి ఒత్తిడి పెరుగుతుంది. పెద్దవాళ్లలో అది మామూలుగా 5 నుంచి 7 మిల్లీమీటర్ల పాదరసం (బీపీ కొలిచే కొలతే). అది 12 దాటి అలాగే నిలిచిపోతే ఎక్కువ కింద లెక్క. 20 దాటి, కిడ్నీల్లాంటి అవయవాలు మొరాయిస్తే ప్రాణాపాయం. టమ్మీ టక్‌లో చాలామందికి అంత దూరం రాదు. అయినా కండరాలు బిగిస్తున్నంతసేపూ వెంటిలేటర్‌లో గాలి ఒత్తిడి ఎంత పెరుగుతోందో ఎనస్తీషియా డాక్టర్ ఓ కన్నేసి ఉంచుతారు. మరీ పెరిగితే కుట్టు వదులు చేయాల్సిందే.

[తెర మీద: వార్డులో మంచం, మోకాళ్ల కింద దిండు]

మొదటి కొద్ది రోజుల్లో ఊపిరి పరీక్ష చేస్తే అంకెలు తగ్గుతాయి. బిగింపు ఒక్కటే కారణం కాదు. మత్తు ప్రభావంతో ఊపిరితిత్తుల అడుగుభాగం కొంత ముడుచుకుంటుంది. నొప్పికి భయపడి మనిషి పైపైన గాలి పీలుస్తాడు, దగ్గు ఆపుకుంటాడు. కఫం అక్కడే నిలిచి జ్వరం, న్యుమోనియా దాకా పోవచ్చు. మామూలు ఊపిరితిత్తులున్నవాళ్లలో ఈ తగ్గుదల కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

అందుకే నొప్పి మాత్రలు మానేయకండి. "మాత్రలు ఎక్కువైతే మంచిది కాదు" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు గానీ, ఆపరేషన్ తర్వాతి ఈ కొద్ది రోజుల్లో నొప్పి తగ్గితేనే లోతుగా ఊపిరి తీయగలరు. దగ్గేటప్పుడు పొట్టకు దిండు అదుముకోండి. ఊపిరి వ్యాయామం కోసం చేతికిచ్చే మూడు బంతుల స్పైరోమీటర్‌ను చాలామంది ఊదేస్తుంటారు. అది ఊదేది కాదు, పీల్చేది. నెమ్మదిగా పీల్చి బంతి లేపాలి. మూడూ లేవలేదని దిగులొద్దు, ఒకటి రెండు లేచినా పని జరుగుతున్నట్టే.

ఇక ఆపరేషన్ తర్వాత పొట్టకు కట్టే బెల్టు. బాలింతకు నడికట్టు బిగించిన అలవాటుతో "ఇంకాస్త లాగితే పొట్ట ఇంకా లోపలికి పోతుంది" అనుకుంటారు. పోదు, ఊపిరే ఆడదు. డాక్టర్ చెప్పిన బిగువు చాలు.

[తెర మీద: వక్త ముఖం, దగ్గరగా]

ఆస్తమా ఉందా, నిద్రలో గట్టిగా గురక వస్తుందా, సిగరెట్ తాగుతారా? అవన్నీ ఎనస్తీషియా డాక్టర్‌కు ముందే చెప్పాలి. పక్కన మామయ్యగారు ఉన్నారని సిగరెట్ సంగతి దాచేవాళ్లున్నారు. డాక్టర్‌తో విడిగా మాట్లాడతానని అడగండి, తప్పులేదు. సిగరెట్ కనీసం నాలుగు వారాల ముందే మానాలి. కుట్లు మానడానికీ అది అవసరమే.

ఇంకొకటి. బిగువుగా ఉండటం వేరు, ఉన్నట్టుండి ఆయాసం రావడం వేరు. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం సౌందర్య శస్త్రచికిత్సల్లో టమ్మీ టక్‌కు ఎక్కువ. అందుకే త్వరగా లేపి, వంగి అయినా సరే నడిపిస్తారు. ఇంటికొచ్చాక కూడా ఇది రావచ్చు. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుడితే అదే రోజు చూపించుకోవాలి. హఠాత్తుగా ఎగశ్వాస, ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా ఆపరేషన్ చేసిన డాక్టర్ ఫోన్ ఎత్తేదాకా ఆగకండి. ముందు 108కి చేయండి, ఫలానా రోజు టమ్మీ టక్ అయిందని వచ్చినవాళ్లకు మొదటి మాటగా చెప్పండి.