నిమిషం వీడియో, నెల గడువు

అమ్మలకు, అయ్యలకు, వెనక వరుసలో ఫోనులో తల దూర్చి కూర్చున్న తమ్ముళ్లకు నమస్కారం.

మన మక్తల్ వైపు ఉత్తరాల కాలం గుర్తున్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. పనికి వెళ్లిన మనిషి ముంబయి నుంచి కార్డు రాస్తే, చదువు రాని ఇంట్లో పోస్ట్‌మ్యానే చదివి వినిపించేవాడు. ఇంటి సంగతి ఊరి సంగతి అయిపోయేది. ఇప్పుడు కొడుకే ఫోనులో కనిపించి మాట్లాడుతున్నాడు.

వీడియో కాల్ ఉండగా, ముందే తీసి పంపే వీడియో సందేశం ఎందుకని అడుగుతారు. కాల్‌కు ఇద్దరికీ ఒకేసారి తీరిక దొరకాలి. సెంట్రింగ్ పని ముగించుకుని కొడుకు గదికి చేరేసరికి రాత్రి పది. తెల్లవారకముందే లేచి నాట్లకు వెళ్లాల్సిన తల్లి అప్పటికే నిద్రలో ఉంటుంది. సందేశమైతే పొద్దుటిదాకా ఆగుతుంది, నాలుగుసార్లు చూసుకోవచ్చు. నా ఓటు దీనికే.

వాట్సాప్‌లో గుండ్రంగా కనిపించే వీడియో సందేశం 2023లో వచ్చింది. టెలిగ్రామ్‌లో 2017 నుంచే ఉంది. నిడివి 60 సెకన్లకు మించదు. దీనితో ఒక చిక్కుంది. తెర మీద అది మొదట శబ్దం లేకుండా ఆడుతుంది, వేలితో తాకితేనే మాట వినబడుతుంది. ఇది తెలియక మా పెద్దమ్మ, పెదవులు కదిలిస్తున్న మనవణ్ణి చూసి వాడి గొంతుకేమైందోనని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

మామూలు వీడియో అయితే మసకగా వచ్చి, మీద బాణం గుర్తు, పక్కన ఇన్ని ఎంబీలు అని కనిపిస్తుంది. అది పాడైన వీడియో కాదు. మొబైల్ డేటా మీద వీడియోలు వాటంతటవి దిగకుండా వాట్సాప్ ముందే కట్టడి చేసి పెట్టింది. బాణాన్ని తాకితే దిగుతుంది. ప్రతిసారీ తాకడం కష్టమనుకుంటే సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా' తెరిచి, మొబైల్ డేటా దగ్గర వీడియోలకు టిక్కు పెట్టవచ్చు. నేను మాత్రం పెట్టవద్దంటాను. పెడితే కొడుకు వీడియోతో పాటు ఊళ్లోవాళ్లు పంపే శుభోదయాలన్నీ మీ డేటా తిని లోపలికి వస్తాయి.

బాణం తాకినా దిగకపోతే ఫోనులో చోటు లేదని అనుమానించండి. ఆ 'స్టోరేజ్ అండ్ డేటా'లోనే 'మేనేజ్ స్టోరేజ్' ఉంది. 5 ఎంబీలు దాటినవి, చాలాసార్లు చేతులు మారినవి అందులో విడిగా చూపిస్తుంది. ముందు ఆ శుభోదయం పూలబొమ్మలను తీసేయండి. తొందరలో పిల్లల వీడియోలు తుడిచేయకండి.

అన్నిటికన్నా పెద్ద సంగతి రీచార్జి. మీ ఫోనుకు చేరని సందేశాన్ని వాట్సాప్ 30 రోజులే దాస్తుంది, తర్వాత తీసేస్తుంది. కూలి డబ్బులు రాలేదని నెలకు మించి నెట్ లేకుండా పెడితే, ఆ మధ్య కొడుకు పంపినవి పోవచ్చు. వాడికేమో ఒక్క టిక్కే కనిపిస్తుంటుంది, అమ్మ ఎందుకు చూడలేదోనని వాడి బెంగ వాడిది. పూర్తి రీచార్జికి డబ్బులు లేకపోయినా, పక్కింటివాళ్ల హాట్‌స్పాట్ మీద నెలలో రెండుసార్లు కలిపినా చాలు.

వీడియో పేరు చెప్పి ఏపీకే ఫైలు, అంటే ఫోనులో కొత్త యాప్ ఎక్కించే ఫైలు, ఎవరు పంపినా తెరవకండి; మోసగాళ్లు దాంతో డబ్బు కాజేయవచ్చు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఇక ఫోన్లు బయటకు తీయండి. చోటు నిండినవాళ్లు కిటికీ వైపు రండి, చార్జర్లు అక్కడే ఉన్నాయి.